పంక్‌కు ముందటి చప్పుడు, అందులో ఆడవాళ్ళ వాటా

(గడ్డిఅన్నారంలో మహిళా కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా కొద్దిపాటి మార్పులతో ఇస్తున్నాం.)



మామూలుగా ఈ తరగతుల్లో మనం చట్టాల గురించి మాట్లాడుకుంటాం. 498ఎ, గృహహింస చట్టం, పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం, కనీస వేతనాలు. ఈసారి సంగీతం గురించి, అందులోనూ రాక్ సంగీతం గురించి చెప్పమనేసరికి కొందరికి విడ్డూరంగా ఉన్నట్టుంది. ఇందాక టీ తాగుతున్నప్పుడు ఒక పెద్దావిడ "మనకెందుకమ్మా ఆ గోల" అని అననే అన్నారు. గోలే. కాదనను. ఎవరి గోలని సంగీతం అంటారు, ఎవరి సంగీతాన్ని గోల అంటారు, ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది అనేదే ఇవాళ నా విషయం.

ముందు పంక్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. 1976, 77 ప్రాంతాల్లో న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ కొందరు కుర్రవాళ్ళు గిటార్లు పట్టుకుని చాలా వేగంగా, చాలా గట్టిగా, రెండు మూడు నిమిషాల్లో అయిపోయే పాటలు పాడారు. రామోన్స్, సెక్స్ పిస్టల్స్ అనే పేర్లు మీలో పిల్లలున్నవాళ్ళు విని ఉంటారు. వాళ్ళు చెప్పిన పెద్ద విషయం ఒక్కటే. సంగీతం వాయించడానికి పదేళ్ళ శిక్షణ అక్కర్లేదు, కోపం ఉంటే చాలు, మూడు మెట్లు వస్తే చాలు. మన ఇళ్ళల్లో సంగీతం ఎందుకు నేర్పేవారో గుర్తు చేసుకోండి. పెళ్ళిచూపుల్లో చాప మీద కూర్చుని, తలొంచుకుని, గొంతు పెగలకుండా ఒక కీర్తన పాడడానికి. ఆ పాటలో తప్పు రాకూడదు. తప్పు వస్తే సంబంధం పోతుంది. అలాంటి చదువు చదివినవాళ్ళకి "తప్పు వచ్చినా ఫరవాలేదు, గట్టిగా వాయించు" అనే మాట ఎంత పెద్ద మాటో చెప్పనక్కర్లేదు.

ఆ పంక్ అనే మాట చూడండి. షేక్‌స్పియర్ నాటకాల్లో అది వేశ్యకి తిట్టు. తర్వాత జైళ్ళలో బలవంతుడికి లొంగిన కుర్రాణ్ణి అలా పిలిచారు. ఆ తర్వాత ఎందుకూ పనికిరాని ఆకతాయి అనే అర్థం వచ్చింది. 1970ల మొదట్లో అమెరికా సంగీత విమర్శకులు ఆ తిట్టునే ఒక రకం పాటకి పేరుగా పెట్టారు. అంటే ఒక ఆడదాని మీద పుట్టిన తిట్టు మూడువందల యాభై ఏళ్ళు ప్రయాణం చేసి మగపిల్లల గర్వమైన బిరుదు అయింది. మనకిది కొత్త కాదు. స్త్రీలు తమ శరీరాల గురించి రాస్తే "నీలి కవిత్వం" అని వెక్కిరించిన రోజుల్లో, 1993లో, స్త్రీవాద కవితల సంకలనం 'నీలిమేఘాలు' అనే పేరుతోనే వచ్చింది. తిట్టుని ఎత్తి నెత్తిన పెట్టుకోవడం ఒక పని. అయితే ఆ తిట్టు ఎవరిదో వాళ్ళే దాన్ని తీసుకున్నారా, ఇంకెవరైనా ఎత్తుకుపోయారా అనేది చూడాలి.

నేను చెప్పబోయేది పంక్ గురించి కాదు, దానికి ముందు పదేళ్ళ గురించి. 1964 నుంచి 1975 వరకు. ఆ శబ్దానికి ఇంకా పేరు లేని రోజులు. పేరు లేనప్పుడే అందులోకి ఎవరైనా రావచ్చు. పేరు పెట్టాక గేటు పెడతారు, గేటు దగ్గర మనిషిని పెడతారు.

మొదటి ఆశ్చర్యం ఏమిటంటే ఈ శబ్దం మొదట వినిపించిన చోట్లలో ఒకటి మనలాంటి దేశమే. పెరూ రాజధాని లిమాలో లించే అనే పేటలో నలుగురు కుర్రాళ్ళు 1964లో లాస్ సైకోస్ అనే బ్యాండ్ పెట్టారు. 1965లో 'డెమోలిసియోన్' అనే పాట రికార్డు చేశారు. రైల్వే స్టేషన్‌ని కూలగొట్టేద్దాం అని అరవడమే ఆ పాట. గాయకుడి గొంతు గీరుకుపోయి ఉంటుంది. లండన్ కుర్రాళ్ళకంటే పదకొండేళ్ళ ముందు. 1966కల్లా వాళ్ళు విడిపోయారు. చాలా ఏళ్ళ తర్వాత ఆ పేటలో, పంక్ రాక్ ఇక్కడే పుట్టిందని ఒక ఫలకం పెట్టారు. స్పానిష్‌లో పాడారు కాబట్టి ఇంగ్లీషు పత్రికలు వాళ్ళని పట్టించుకోవడానికి దశాబ్దాలు పట్టింది. ప్రాంతీయ భాషల్లో రాసేవాళ్ళకి ఈ కథ వేరే చెప్పాలా?

అదే 1965లో అమెరికాలో టకోమా అనే ఊళ్ళో ద సోనిక్స్ అనే బ్యాండ్ మొదటి రికార్డు చేసింది. డ్రమ్ములన్నిటికీ కలిపి ఒక్క మైకు. మరుసటి ఏడాది 'బూమ్' అనే రెండో రికార్డు చేసేటప్పుడు, చప్పుడు తగ్గించడానికి స్టూడియో గోడలకి అంటించిన కోడిగుడ్ల అట్టల్ని పీకేశారట, ఇంకా మోగాలని. అదంతా బాగుంది. కానీ వాళ్ళకి పేరు తెచ్చిన పాట 'ద విచ్'. మంత్రగత్తె. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి గురించి, జాగ్రత్తరా అబ్బాయిలూ అని హెచ్చరిక. మెదక్ జిల్లా పల్లెల్లో బాణామతి పేరు చెప్పి ఒంటరి ఆడవాళ్ళని కొట్టిన, పళ్ళు రాలగొట్టిన కేసుల్లో తిరిగినవాళ్ళు ఇక్కడున్నారు. ఆ పాట వింటే కాలు ఊగుతుంది, కడుపులో మాత్రం ఏదో కలుక్కుమంటుంది. రెండూ నిజమే. నాకు రెండూ అవుతాయి.

1965 అంటే మనకి ఇంకోటి గుర్తు రావాలి. హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడు, నాంపల్లి పాండు, చేత పుస్తకం ఆవిష్కరింపజేసి దిగంబర కవులు బయటికి వచ్చిన సంవత్సరం అది. ఆరుగురు. సొంత పేర్లు, ఇంటిపేర్లు వదిలేశారు. మర్యాదని చెప్పుతో కొట్టారు. రామోన్స్ వాళ్ళు అందరూ ఒకే ఇంటిపేరు పెట్టుకుని తిరగడానికి దాదాపు పదేళ్ళ ముందు. సాహిత్యంలో మన పంక్ అదే అంటే నేను ఒప్పుకుంటాను. అయితే ఆ ఆరుగురూ మగవాళ్ళే. సమాజం కుళ్ళిపోయిందని చెప్పడానికి వాళ్ళకి ఎక్కువగా దొరికిన పోలిక ఆడదాని శరీరం. టకోమా కుర్రాళ్ళకి మంత్రగత్తె దొరికినట్టే. వ్యవస్థ మీద కోపం వచ్చిన మగవాడు మొదట రాయి విసిరేది తరచు పక్కనున్న ఆడమనిషి మీదే ఎందుకు అవుతుంది అనేది నిదానంగా చర్చించవలసిన సంగతి.

ఇప్పుడు నాకు ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తాను. మొరీన్ టక్కర్. స్నేహితులు మో అంటారు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో పెరిగింది. ఆఫీసులో కీపంచ్ ఆపరేటరు. అంటే పాతకాలపు కంప్యూటర్లకి కార్డుల మీద చిల్లులు పొడిచే ఉద్యోగం. పగలంతా ఆ మిషను టకటకలు, సాయంత్రం ఇంటికొచ్చి డ్రమ్ములు. ఎవరూ నేర్పలేదు. నైజీరియా డ్రమ్మరు ఓలాతుంజీ రికార్డులు విని నేర్చుకుంది. 1965 చివర వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే బ్యాండులో డ్రమ్మరు వెళ్ళిపోయాడు. డబ్బు తీసుకుని వాయించడం ఆయనకి ఇష్టం లేదు. వీళ్ళకి న్యూజెర్సీలో ఒక హైస్కూల్లో 75 డాలర్ల ప్రోగ్రాము ఉంది. మోకి కబురు పంపారు. బ్యాండులో ఆడపిల్ల వద్దని జాన్ కేల్ మొదట అభ్యంతరం చెప్పాడు. ఆ ఒక్క ప్రోగ్రాముకే అనుకున్నారు. ఆమె ఉండిపోయింది.

ఆమె వాయించే తీరు వేరు. అందరూ కూర్చుని వాయిస్తే ఆమె నిలబడి వాయించింది. పెద్ద డ్రమ్మును పక్కకి పడుకోబెట్టి, మెత్తటి తలకాయ ఉన్న కర్రలతో కొట్టేది. తాళాలు, అంటే ఆ ఇత్తడి పళ్ళేలు, దాదాపు వాడేది కాదు. మగ డ్రమ్మర్లు చూపించే విన్యాసాలు, చివర్లో చేతులు గాల్లోకి విసరడాలు ఏమీ ఉండవు. ఒకే దెబ్బ, గుండె కొట్టుకున్నట్టు, ఆగకుండా. ఒకసారి ఆమె డ్రమ్ములు ఎవరో ఎత్తుకుపోతే వీధిలోంచి చెత్తడబ్బాలు తెచ్చి వాటి మీద వాయించింది. 1967లో వచ్చిన ఆ బ్యాండు మొదటి రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు. తర్వాత పంక్ బ్యాండు పెట్టిన ప్రతివాళ్ళూ దాని పేరు చెప్పారు.

నాకు ఇంకా ముఖ్యంగా తోచేది 1970 సంగతి. బ్యాండు 'లోడెడ్' అనే రికార్డు చేస్తున్నప్పుడు ఆమె గర్భవతి. డ్రమ్ముల దాకా చేతులు అందవు. వాళ్ళు ఆగలేదు. వేరేవాళ్ళతో వాయించి పూర్తి చేసేశారు. అట్ట మీద మాత్రం ఆమె పేరు వేశారు. గర్భం వస్తే పని ఆమె కోసం ఆగదు, ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. ఇది స్పిన్నింగు మిల్లులో కావచ్చు, స్వచ్ఛంద సంస్థలో కావచ్చు. నవ్వకండి, మన సంస్థల్లోనూ అంతే. ప్రసూతి చట్టం 1961లో వచ్చింది, 2017లో సెలవు 26 వారాలకి పెంచారు. కాంట్రాక్టు మీద పనిచేసే ఫీల్డు వర్కర్లలో ఎంతమందికి అది అందింది అని మనమే మనల్ని అడగాలి. తర్వాత మో టక్కర్ ఐదుగురు పిల్లల్ని పెంచింది. 1980లలో జార్జియా రాష్ట్రంలో వాల్‌మార్ట్ కంపెనీలో పనిచేసింది. ప్రపంచమంతా గొప్పదని ఒప్పుకున్న బ్యాండులో డ్రమ్మరు.

నిలబడి వాయించడం అన్నాను కదా, ఒక చిన్న పక్కమాట. ఇక్కడికి నాలుగడుగుల దూరంలో దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపుల్లో అమ్మాయిలు పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే ఉంటారు. కేరళలో షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు పోరాడి 2018లో కూర్చునే హక్కుకి చట్టం తెచ్చుకున్నారు. 2021లో తమిళనాడులో వచ్చింది. నిలబడాలని తానే నిర్ణయించుకుని నిలబడ్డ మనిషికీ, కూర్చోనివ్వక నిలబడ్డ మనిషికీ తేడా చూడండి. సరే, విషయంలోకి వస్తాను.

డెట్రాయిట్. కార్ల ఊరు. ఆ ఊరు, దాని చుట్టుపక్కల ఊళ్ళ నుంచే ఈ చప్పుడు ఎక్కువగా వచ్చింది. స్టూజెస్ అనే బ్యాండు గాయకుడు ఇగ్గీ పాప్ ట్రెయిలర్ ఇంట్లో, అంటే చక్రాల మీది ఇంట్లో పెరిగినవాడు. కార్ల ఫ్యాక్టరీలో ఇనప రేకుల్ని అచ్చు కొట్టే మిషన్ల మోత తన సంగీతంలో ఉందని ఆయన చెప్పుకున్నాడు. చొక్కా లేకుండా స్టేజీ ఎక్కేవాడు. మన దగ్గర జననాట్యమండలి 1972లో మొదలైంది. గద్దర్ గోచీ, గొంగడితో, చొక్కా లేకుండా ఎక్కాడు. 2023లో ఆయన పోయినప్పుడు ఆ బొమ్మే అన్ని పత్రికల్లోనూ వేశారు. కష్టజీవి శరీరాన్ని వేదిక మీదకి తెచ్చాడని అందరం మెచ్చుకున్నాం, నేనూ మెచ్చుకున్నాను. కష్టజీవి ఆడది కూడా కదా. నాట్లు వేసే మనిషి మోకాళ్ళ పైకి చీర దోపుకుని బురదలో ఉన్నట్టుగానే వేదిక ఎక్కితే ఏమవుతుంది? ఆడవాళ్ళకి వేదిక మీద ఎర్రంచు చీర, నిండుగా కొంగు. విప్లవమైనా సరే.

డెట్రాయిట్ దగ్గరే ఎంసీ5 అని ఇంకో బ్యాండు. వీళ్ళు రాజకీయాలు బాహాటంగా మాట్లాడారు. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా 1968 ఆగస్టులో షికాగోలో, పోలీసుల లాఠీల ముందు వాయించిన బ్యాండు వాళ్ళే. మేనేజరు జాన్ సింక్లెయిర్, నల్లవాళ్ళ బ్లాక్ పాంథర్ పార్టీకి మద్దతుగా వైట్ పాంథర్ పార్టీ పెట్టాడు. రెండు గంజాయి సిగరెట్లు ఇచ్చాడని 1969లో ఆయనకి పదేళ్ళ శిక్ష వేశారు. పెద్ద ఉద్యమం జరిగి 1971 చివర విడుదలయ్యాడు. ఇదంతా చరిత్ర పుస్తకాల్లో ఉంది. అదే ఇంట్లో కమ్యూన్‌గా అందరూ కలిసి ఉండేవారు. స్వేచ్ఛ, సమానత్వం గురించి రాత్రంతా మాట్లాడేవారు. వంట, గిన్నెలు ఆడవాళ్ళవి. స్టేజి మీద బ్యాండువాళ్ళు వేసుకున్న తళుకు బట్టలు కుట్టింది కూడా ఆ ఇంటి ఆడవాళ్ళే. గిటారిస్టు వేన్ క్రేమర్ తర్వాత రోజుల్లో ఆడవాళ్ళ విషయంలో తాము ఎంత వెనకబడి ఉన్నామో బహిరంగంగా చెప్పుకున్నాడు. చెప్పుకున్నందుకు మెచ్చుకుందాం, కానీ గిన్నెలైతే అప్పుడే కడిగేశారు.

ఆ ఇంట్లో లెనీ సింక్లెయిర్ అని ఒకామె ఉంది. తూర్పు జర్మనీ నుంచి ఒంటరిగా వచ్చిన అమ్మాయి, జాన్ సింక్లెయిర్ భార్య, ఆ పార్టీని స్థాపించినవాళ్ళలో ఒకతె. ఆమె చేతిలో కెమెరా ఉండేది. ఈ రోజు ఎంసీ5 ఎలా ఉండేది, ఆ జనం ఎలా ఉండేవారు అని మనకి తెలుస్తోందంటే చాలావరకు ఆమె తీసిన ఫోటోల వల్లే. ఆమెకి పెద్ద గుర్తింపు వచ్చింది 2016లో, డెబ్బై అయిదేళ్ళు దాటాక. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మీరంతా చదివారు. తెలంగాణ సాయుధ పోరాటంలో కొరియర్లుగా తిరిగి, అన్నాలు వండి, తుపాకులు దాచిన ఆడవాళ్ళు, పోరాటం అయిపోయాక ఇళ్ళకి వెళ్ళండమ్మా అనిపించుకున్న ఆడవాళ్ళు చెప్పిన మాటలు. డెట్రాయిట్ ఇంట్లో కూడా అలా ఎవరో ఒకరు టేప్ రికార్డరు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి ఉంటే ఏం చెప్పేవారో.

అదే ఊళ్ళో 1964లోనే అందరూ ఆడపిల్లలే ఉన్న బ్యాండు ఉంది. ప్లెజర్ సీకర్స్. క్వాట్రో ఇంటి అక్కచెల్లెళ్ళు పెట్టారు. సూజీ అనే పిల్లకి అప్పుడు 14 ఏళ్ళు. వాళ్ళ పాట ఒకదాంట్లో, అబ్బాయి ప్రేమకంటే చల్లటి బీరే నయం అంటుంది. సారా వ్యతిరేక పోరాటంలో ఉన్నవాళ్ళకి నచ్చకపోవచ్చు. నాకు కూడా మొదట గొంతు దిగలేదు. కానీ పదిహేనేళ్ళ పిల్లలు ఇంత నిర్లక్ష్యంగా, ఎవరి మెప్పూ అక్కర్లేదన్నట్టు వాయించడం విన్నాక, మగపిల్లల ఏ రికార్డు కంటే ఇది తక్కువ అని అడగాలనిపించింది. పంక్ చరిత్ర రాసినవాళ్ళు ఎక్కువమంది వీళ్ళని దాటేసి పోతారు. సూజీ తర్వాత ఇంగ్లండు వెళ్ళి 1973లో 'కాన్ ద కాన్' పాటతో మొదటి స్థానానికి వచ్చింది. చేతిలో బేస్ గిటారు పట్టుకుని ముందు నిలబడి పాడిన ఆమెని టీవీలో చూసి ఎంతోమంది ఆడపిల్లలు గిటారు పట్టారు.

ఈ చప్పుడంతా స్వేచ్ఛే అనుకుంటారేమో, అందుకని ఇంకో కథ చెప్తాను. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఫ్రీమాంట్ అనే పల్లెటూళ్ళో ఆస్టిన్ విగ్గిన్ అనే మిల్లు కార్మికుడు. వాళ్ళమ్మ చెయ్యి చూసి, నీ కూతుళ్ళు బ్యాండు పెడతారు అని జోస్యం చెప్పింది. ఆయన డాట్, బెట్టీ, హెలెన్ అనే కూతుళ్ళని బడి మానిపించాడు. గిటార్లు, డ్రమ్ములు కొనిచ్చి రోజంతా సాధన చేయించాడు. స్నేహాలు లేవు, షికార్లు లేవు. శనివారం శనివారం ఊరి టౌన్ హాల్లో వాయించాలి. ద షాగ్స్ అని పేరు. 1969లో స్టూడియోకి తీసుకెళ్ళి రికార్డు చేయించాడు. అందులో ఒకరి తాళానికీ ఒకరి పాటకీ పొత్తు ఉండదు. దశాబ్దం తర్వాత పెద్ద పెద్ద సంగీతకారులు దాన్ని విని, ఏ శిక్షణా అంటని స్వచ్ఛమైన పచ్చి సంగీతం అన్నారు. 1975లో తండ్రి గుండెపోటుతో పోయాడు. పిల్లలు వెంటనే బ్యాండు ఆపేశారు. ఆపేయడమే వాళ్ళు సొంతంగా తీసుకున్న మొదటి నిర్ణయం అనుకుంటాను. "పచ్చిగా ఉంది, సహజంగా ఉంది" అని బయటివాళ్ళు మెచ్చుకునేటప్పుడు మనం అడగాల్సిన మొదటి ప్రశ్న, ఆ పిల్లలకి వద్దనే వీలు ఉండిందా అని. ఆదివాసీ ఆడపిల్లల్ని మంత్రిగారి సభల్లో ఆడించేటప్పుడు కూడా ఇదే ప్రశ్న.

రనవేస్ సంగతి క్లుప్తంగానే చెప్తాను, అది చెప్పడం కష్టం. 1975లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన బ్యాండు, అయిదుగురూ 15 నుంచి 17 ఏళ్ళ ఆడపిల్లలు. నడిపినవాడు కిమ్ ఫౌలీ అనే మగ మేనేజరు. బేస్ గిటారు వాయించిన జాకీ ఫ్యూక్స్ 2015లో నోరు విప్పింది. పదహారేళ్ళప్పుడు మత్తుమందు ఇచ్చి అతను తనని అందరి ముందే బలాత్కారం చేశాడని చెప్పింది. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత. అప్పటికి అతను చనిపోయాడు. ఆమె ఈలోపల చదువుకుని లాయరయింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అని అడిగినవాళ్ళున్నారు. ఆ ప్రశ్న మనం పోలీసు స్టేషన్లలో ఎన్నిసార్లు విన్నాం.

ప్యాటీ స్మిత్ దగ్గరికి వస్తే కాస్త ఊపిరి తీసుకోవచ్చు. న్యూజెర్సీలో పేద కుటుంబం. చిన్నతనంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసింది. యూనియను లేదు. పిల్లల మూడుచక్రాల సైకిళ్ళ హ్యాండిళ్ళు తనిఖీ చేసే పని, పీసు రేటు. ఆమె వేగంగా చేస్తుంటే, నువ్విలా చేస్తే అందరికీ కోటా పెంచేస్తారు, తగ్గించు అన్నారు. తోటి ఆడవాళ్ళే ఆమెని మరుగుదొడ్డిలోకి లాక్కెళ్ళి తల ముంచారు. ఆ అనుభవంతో 1974లో 'పిస్ ఫ్యాక్టరీ' అని రికార్డు చేసింది. ఉచ్చ ఫ్యాక్టరీ అన్నమాట. పేరే అది. పాటగా మొదలవదు, పియానో మీద మాటలు పరుగెత్తుతాయి. నిజామాబాద్ వైపు బీడీ కార్మికులతో పనిచేసినవాళ్ళకి ఆ పీసురేటు గొడవ, వేగంగా చుట్టే ఆమె మీద మిగతావాళ్ళ కంటు, అన్నీ తెలిసినవే. ఆ పాటలో పారిపోయి పెద్ద ఊరెళ్ళిపోతానంటుంది. వెళ్ళింది, గెలిచింది. మిగిలిపోయిన ఆడవాళ్ళ పాట మాత్రం ఎవరూ రికార్డు చేయలేదు. ప్యాటీ స్మిత్ అంటే నాకున్న గౌరవంతోనే ఈ మాట అంటున్నాను.

ఇక మన దగ్గరికి. మనకి ఇలాంటివి లేవా? ముగ్గురు మనుషులు, ఒక తంబుర, రెండు గుమ్మెటలు. కథకుడు నిలబడి, అడుగులేస్తూ చెప్తాడు. అటూ ఇటూ వంతలు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. ఎడ్లబండి మీద కూడా వేదిక వేసేయొచ్చు. బుర్రకథ కంటే పొదుపైన బ్యాండు ఎక్కడుంది? 1943లో ప్రజానాట్యమండలి మొదలైన రోజుల్లో మోటూరు ఉదయం ఆడవాళ్ళతోనే బుర్రకథ దళం కట్టింది. సంసార స్త్రీ వేదిక ఎక్కితే భోగందానితో సమానం అని తిట్టే రోజులు. పాడడం వరకైతే ఊరు ఎలాగో ఊరుకునేదేమో. కాలికి గజ్జె కట్టి, గుమ్మెట భుజాన తగిలించుకుని, జనం కళ్ళలోకి సూటిగా చూసి దొరని, ప్రభుత్వాన్ని వెక్కిరించడం, అదీ ఆడవాళ్ళు! అమెరికా పిల్లల కంటే ఇరవై ఏళ్ళ ముందు. ఆ మండలిలోనే పాడి ఆడిన కొండపల్లి కోటేశ్వరమ్మ బాల్య వితంతువు. మళ్ళీ పెళ్ళి, పార్టీ, అజ్ఞాతవాసం, భర్త వదిలెయ్యడం, ముప్పై దాటాక మళ్ళీ చదువు, కాకినాడలో హాస్టలు మేట్రన్ ఉద్యోగం. 'నిర్జన వారధి' పేరుతో 2012లో తన కథ వచ్చేసరికి ఆమెకి 94 ఏళ్ళు. నూరేళ్ళు నిండాక 2018లో పోయింది.

అంతా గెలుపు కథ కాదు. భువనగిరిలో స్పిన్నింగు మిల్లు కార్మికురాలు బెల్లి లలిత. తెలంగాణ పాట పాడినందుకు, ఊళ్ళో పెద్దల్ని ప్రశ్నించినందుకు 1999 మేలో ఆమెని చంపి ముక్కలు చేసి పడేశారు. న్యూయార్క్‌లో గోల చేస్తే సీసాలు విసిరారు. ఇక్కడ చేసింది ఇది. గోల అనే మాట తేలిగ్గా వాడినప్పుడల్లా నాకు ఆమె గుర్తొస్తుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మన పాటల దళంలో పాడేవాళ్ళు తొమ్మిదిమంది ఆడవాళ్ళు. డప్పు కొట్టేది ఎవరు? ప్రతి మార్చి 8కీ బయటినుంచి ఇద్దరు అబ్బాయిల్ని పిలుస్తాం. మంచి పిల్లలే, వాళ్ళతో పేచీ లేదు. డప్పు బరువు, వేడి చెయ్యాలి, ఆడవాళ్ళకి చేతకాదు అని మనమే అంటాం. వేడి చెయ్యడానికి గడ్డిమంట చాలు, అది మనకి రాని విద్య కాదు.

మొన్న మన ఆఫీసుకి ముగ్గురు హాస్టల్ పిల్లలు వచ్చారు. కోచింగుల కోసం వచ్చి ఇక్కడి సందుల్లో ఉంటున్నారు. సాయంత్రాలు వెనక గది ఇస్తే ప్రాక్టీసు చేసుకుంటాం అన్నారు. ఒక పాత గిటారు, ఒక చిన్న కీబోర్డు, ఒక డప్పు. హాస్టల్లో చప్పుడు చేస్తే ఖాళీ చేయమన్నారట. డప్పు పట్టుకున్న పిల్ల తండ్రి డప్పు కళాకారుడు. చావులకీ చాటింపులకీ కొట్టి కొట్టి, నా కూతురు దీన్ని ముట్టకూడదు, చదువుకోవాలి అని ఆయన పట్టు. ఆ తండ్రి మాటలో ఎంత అవమానం ఉందో మనం గుర్తించాలి. సిటీ పిల్లలు సరదాకి డప్పు పట్టడం వేరు, ఆ పిల్ల పట్టడం వేరు. ఆయనకి తెలియకుండా ఆ పిల్ల నేర్చుకుంటోంది. ఆయనకి చెప్పాలా వద్దా అనేది ఆ పిల్ల ఇష్టం, మనం మధ్యలో దూరకూడదని నా అభిప్రాయం. పద్దెనిమిది నిండిన పిల్ల.

కార్యవర్గంలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. పాటలో సందేశం ఏముంది, మనకి ఉపయోగపడుతుందా అని కొందరు. మనది కౌన్సెలింగు జరిగే చోటు, దెబ్బలు తిని వచ్చిన మనిషి ఏడుస్తుంటే పక్కగదిలో డప్పేమిటి అని ఇంకొందరు. రెండోది న్యాయమైన అభ్యంతరం. మొదటిది నేను ఒప్పుకోను.

డెట్రాయిట్‌లోనే హాక్నీ అని ముగ్గురు నల్లజాతి అన్నదమ్ములు ఉండేవారు. బ్యాండు పేరు డెత్, మరణం. 1975లో పాటలు రికార్డు చేశారు. పెద్ద కంపెనీ అధిపతి పేరు మార్చుకుంటే తీసుకుంటానన్నాడు. పెద్దవాడు డేవిడ్ ఒప్పుకోలేదు. 1976లో సొంతంగా 500 కాపీలు వేసుకున్నారు. ఎవరూ కొనలేదు. నల్లవాళ్ళు రాక్ వాయించడమేమిటి అని తమ పేటవాళ్ళే నవ్వారు. డేవిడ్ 2000లో క్యాన్సరుతో పోయాడు. 2009లో ఆ రికార్డు బయటికి వచ్చాక, పంక్ వీళ్ళదే ముందు అని ప్రపంచం ఒప్పుకుంది. ఆ మూడున్నర దశాబ్దాల కథలో నాకు నిలిచిపోయింది వాళ్ళమ్మ. ఇంట్లో గదిలో రోజూ మధ్యాహ్నం మూడింటి నుంచి ఆరింటి దాకా వాయించుకోండి అంది. ఇరుగుపొరుగుకి సర్దిచెప్పుకుంది. పాటల్లో సందేశం ఏముందని అడగలేదు.

మన కౌన్సెలింగు అయిదున్నరకి అయిపోతుంది. ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా, ఆదివారం పగలంతా గది ఖాళీయే. పక్కింటివాళ్ళతో నేను మాట్లాడాను, పరీక్షల నెలలో వద్దన్నారు, మిగతాప్పుడు సరే అన్నారు. తాళంచెవి ఒకటి పిల్లల దగ్గర ఉండాలి, ప్రతిసారీ మన మొహం చూడకుండా. ఏం పాడాలో మనం చెప్పం. ఫ్రూట్ మార్కెట్టు ఉన్న రోజుల్లో అయితే రాత్రంతా లారీల మోత, వేలంపాటల కేకలు, మామిడి రోజుల్లో తెల్లార్లూ నిద్ర ఉండేది కాదు, ఎవరూ ఏమీ అనలేదు. 2021లో దాన్ని బాటసింగారం తరలించాక ఈ వీధులకి మౌనం అలవాటయింది.

గోడలకి కొట్టడానికి కోడిగుడ్ల అట్టలు కావాలి. ఇంటికి పదేసి చొప్పున తెస్తే గది సరిపోతుంది. సోనిక్స్ వాళ్ళు పీకేశారు, మనం అంటిద్దాం. అట్టలు ఎవరు తెస్తారో ఇప్పుడే పేర్లు ఇవ్వండి. తర్వాత ప్రశ్నలు తీసుకుందాం.